లేని ఆఫీసుకు వచ్చిన ఉత్తరం

డెబ్బై అయిదు సెంట్లమ్మా. ముప్పావు డాలరు. 1986లో డాలరు విలువ పన్నెండున్నర రూపాయలకు కాస్త పైన ఉండేది కాబట్టి మన లెక్కలో తొమ్మిదిన్నర రూపాయలు. రామారావుగారి రెండు రూపాయల బియ్యం రోజులవి. ఆ డబ్బుకి రేషను షాపులో నాలుగున్నర కిలోల పైచిలుకు బియ్యం వచ్చేవి. అంత చిన్న మొత్తం లెక్క తేలలేదని ఒక మనిషి చూడబోయి, పది నెలలు నిద్ర కాచి, చివరికి సోవియట్ గూఢచారుల గుమ్మం దాకా పోయాడు. కాళ్ళు మంట వైపు చాపుకో అమ్మలూ, శాలువా నిండా కప్పుకో. ఇది గబగబా తెమిలే కథ కాదు.

నిన్న అన్నాల దగ్గర మీ ఆఫీసు సంగతి చెప్పావు కదా. హనీపాట్ అని ఒక ఉత్తుత్తి సర్వరు పెట్టారనీ, దాని మీదికి ఎవడు వచ్చినా రాసి పెట్టుకునే పని నీదేననీ. అదేదో మీ బ్యాచ్ వాళ్ళే కనిపెట్టినట్టు చెప్పావు. నీకు ఇరవై నాలుగేళ్ళు. ఆ విద్యకు నీకంటే చాలా వయసుంది. అది ఎవరి ఇంట పుట్టిందో, ఎలా పెరిగిందో తెలుసుకుంటే రాత్రి డ్యూటీలో నీకు నిద్ర రాదు.

ముందు ఆ డెబ్బై అయిదు సెంట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పాలి. అప్పట్లో కంప్యూటరంటే చేతికొకటి, ఒళ్ళోకొకటి కాదు. పెద్ద సంస్థకు ఒకటి రెండు ఉంటే గొప్ప. మన హైదరాబాదులో ఇసిఐఎల్ వాళ్ళు టిడిసి పేరుతో సొంతంగా కంప్యూటర్లు తయారు చేసేవారు. నేను పనిచేసిన చోట మెషిను గది గుమ్మం ముందు ఎప్పుడూ చెప్పుల వరుస ఉండేది. చెప్పులు విడిచి, పాదాలు పట్టా మీద తుడుచుకుని లోపలికి పోవాలి, దుమ్ము పడితే డిస్కులు పాడైపోతాయని. మే నెలలో ఆ ఏసీ గదిలో పని కల్పించుకుని దూరే పెద్దమనుషులు కొందరుండేవారు. ఒకాయన ప్రింటవుటు కోసమని వచ్చి, ఆ కాగితాలతోనే విసురుకుంటూ మధ్యాహ్నమంతా కూచునేవాడు, అంత చల్లటి గదిలో కూడా! తలుపు పక్కన ఒక రిజిస్టరు. పేరు, సెక్షను, వెళ్ళిన టైము, వచ్చిన టైము. నెలాఖరుకు ఏ సెక్షను ఎన్ని నిమిషాల మెషిను టైము తిన్నదో లెక్క తేల్చేవాళ్ళు. నిమిషం అటూ ఇటూ అయితే సెక్షన్ల మధ్య మాటలుండేవి కాదు. సరే, మా చెప్పుల వరుస దగ్గరే ఆగిపోతే తెల్లారుతుంది. కాలిఫోర్నియా పోదాం పద.

అక్కడ బర్క్‌లీ అని ఊరు. ఊరి పైన కొండ మీద లారెన్స్ బర్క్‌లీ లాబొరేటరీ. అక్కడ క్లిఫ్ స్టోల్ అని ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడు టెలిస్కోపు డిజైను పనిలో ఉండేవాడు. గ్రాంటు డబ్బు అయిపోయింది. ఉద్యోగం పీకకుండా అతన్ని కింద అంతస్తులో ఉన్న కంప్యూటరు విభాగానికి పంపారు. నక్షత్రాలు చూసుకునే మనిషి లెక్కల పద్దుల్లో పడ్డాడు. చేరిన రెండో రోజు, ఆగస్టు 1986లో, ఒక సీనియరు పిలిచి చెప్పాడు: లాబ్‌లో కంప్యూటరు వాడకానికి బిల్లు కట్టే లెక్కలు రెండు రకాలుగా నడుస్తున్నాయి, రెండింటికీ మధ్య డెబ్బై అయిదు సెంట్లు తేడా వస్తోంది, ఎందుకో చూడు. గంటకు మూడు వందల డాలర్ల మెషిను టైము. ఆ లెక్కన డెబ్బై అయిదు సెంట్లంటే తొమ్మిది సెకన్లు.

తొమ్మిది సెకన్లు ఎవరో డబ్బు కట్టకుండా వాడుకున్నారు. ఇంకొకరైతే సర్దుబాటు పద్దు రాసేసి టీ తాగడానికి పోయేవారు. స్టోల్ పోలేదు. పెద్ద మొత్తం తేడా వస్తే ఎక్కడో ఒక చోట కనబడి తీరుతుంది, ఇంత చిన్న తేడా వచ్చిందంటే దాని వెనక కథ ఉంటుందని అతని నమ్మకం. నాకు ఆ మనిషిలో అన్నిటికంటే నచ్చింది ఇదే. తవ్వితే హంటర్ అనే పేరుతో ఒక ఖాతా బయటపడింది. బిల్లు పంపే చిరునామా లేదు, ఆ పేరుగల మనిషి లాబ్‌లోనే లేడు. ఆ ఖాతా తీసేశారు. రెండు రోజులు కాలేదు, మీ లాబ్ నుంచి ఎవరో మా మెషిన్లోకి దూరబోయారని ఇంకో చోటి నుంచి ఫిర్యాదు వచ్చింది. చూస్తే అది స్వెంటెక్ అనే పాత ఉద్యోగి పేరు మీద జరిగింది. ఆ స్వెంటెక్ ఏడాదిగా ఇంగ్లండులో ఉన్నాడు. ఇక దొంగ పడ్డాడన్నది ఖాయమైపోయింది.

ఎలా పడ్డాడో విను. లాబ్‌లో అందరూ వాడే ఈమాక్స్ అనే ఎడిటరుంది. దాంట్లో ఉత్తరాలు ఒకచోటి నుంచి ఒకచోటికి చేర్చే చిన్న ప్రోగ్రాము, పెట్టకూడని చోట కూడా ఫైలు పెట్టనిచ్చేది. అటు ఆ మెషిన్లను నడిపే యూనిక్స్ ప్రతి అయిదు నిమిషాలకూ ఒక చిన్న ప్రోగ్రామును సర్వాధికారాలతో నడిపేది. వీడు ఆ అసలు ప్రోగ్రాము తీసేసి దాని స్థానంలో తనది పెట్టేవాడు. అయిదు నిమిషాలు ఆగితే మెషిను తనంతట తనే వాడి ప్రోగ్రామును పొదిగి, వాణ్ణి మొత్తానికి యజమానిని చేసేది. వెంటనే పాత ప్రోగ్రాము యథాస్థానంలో పెట్టేసి జాడ చెరిపేసేవాడు. కాకి గూట్లో కోయిల గుడ్డు పెట్టిపోయే పద్ధతి. స్టోల్ తరవాత రాసిన పుస్తకానికి ఆ గుడ్డు పేరే పెట్టుకున్నాడు.

ఇప్పుడు నిన్నొకటి అడుగుతాను. దొంగ వచ్చిపోతున్నాడని తెలిసింది, నువ్వైతే ఏం చేస్తావు? చూశావా, ఠక్కున తలుపు మూసేస్తానన్నావు. అందరూ అదే అంటారు. స్టోల్ మాత్రం ఇంకోలా ఆలోచించాడు. మూస్తే వీడు పక్కింటికి పోతాడు, ఎవడో తెలియదు, ఏం కావాలో తెలియదు, వాడి తాళం చెవులు వాడి దగ్గరే ఉంటాయి. కాబట్టి రానిద్దాం, ఏం చేస్తాడో చూద్దాం అన్నాడు. పై అధికారి మూడు వారాలు గడువిచ్చాడు. మూడు వారాలన్నది జూన్ దాకా సాగింది. ప్రభుత్వం పనులు మన దగ్గరే కాదు, అక్కడా అంతే.

చూడ్డమంటే ఎలా? లాబ్‌కి బయటి నుంచి యాభై ఫోను లైన్లు వచ్చేవి. ఒక శుక్రవారం సాయంత్రం అందరూ ఇళ్ళకు పోయాక, స్టోల్ ఆ గదీ ఈ గదీ తిరిగి బల్లల మీద ఉన్న ప్రింటర్లు, టెర్మినళ్ళు మోసుకొచ్చి లైనుకొకటి తగిలించాడు. ఎవరి అనుమతీ లేదు. సోమవారం పొద్దున్నే వచ్చి చూసుకున్నవాళ్ళ ముఖాలెలా ఉండి ఉంటాయో ఊహించుకో. రాత్రుళ్ళు ఆ మెషిన్ల మధ్యే నేల మీద పడుకున్నాడు. ఆదివారం లేచేసరికి ఒక ప్రింటరు బారల కొద్దీ కాగితం కక్కి ఉంది. దొంగ కొట్టిన ప్రతి అక్షరమూ అందులో ఉంది, దానికి మెషిను ఇచ్చిన జవాబూ ఉంది. వాడికి మాత్రం ఏమీ తెలియదు. మెషిన్లో ఏ కాపలా ప్రోగ్రాము పెట్టినా వాడు పసిగట్టేవాడు. వీళ్ళు తీగ దగ్గరే విన్నారు కాబట్టి పసిగట్టలేకపోయాడు. మీ ఆఫీసులో లాగులు వేరే మెషిన్లో దాచమని చెబుతారు చూడు, ఆ జాగ్రత్తకు మొదటి రోజులివి.

ఆ కాగితాలే అసలు నిధి. యూనిక్సులో ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయో చూసే కమాండుంది కదా, బర్క్‌లీలో పెరిగినవాళ్ళు దానికి ఒక రకం అక్షరాలు తగిలిస్తారు, ఏటీ అండ్ టీ వారి యూనిక్సు నేర్చినవాళ్ళు ఇంకో రకం. వీడు రెండో రకం కొడుతున్నాడు. నోరు విప్పితే గోదావరి మనిషో పాలమూరు మనిషో మనకు తెలిసిపోతుంది, వేళ్ళకూ యాస ఉంటుందన్నమాట. వీడు కాలిఫోర్నియా వాడు కాడని అప్పుడే తేలింది. వాడు పెట్టుకున్న దొంగ పాస్‌వర్డుల్లో ఒకటి బెన్సన్, ఒకటి హెడ్జెస్. సిగరెట్ పెట్టె మీద పేరు. మనిషి ఎంత దాక్కున్నా చేతి అలవాటు దాగదమ్మా.

ఇక వాడి పద్ధతి చూడు. గొప్ప మేధావి కాడు, ఓపిక మాత్రం ఎద్దుకున్నంత. బర్క్‌లీని మెట్టుగా వాడుకుని మిలిటరీ కంప్యూటర్ల తలుపులు ఒక్కొక్కటే తట్టుకుంటూ పోయాడు. మొత్తం నాలుగు వందల యాభై మెషిన్లు తట్టాడు, ముప్పైకి పైగా తెరుచుకున్నాయి. అలబామాలోని ఆనిస్టన్ ఆర్మీ డిపో కూడా అందులో ఉంది. ఎలా తెరుచుకున్నాయంటావా? కంపెనీ నుంచి మెషిను వచ్చినప్పుడు దాంతో కొన్ని పేర్లు, పాస్‌వర్డులు ముందే పెట్టి పంపేవారు. సిస్టమ్ అనే పేరుకు మేనేజర్. ఫీల్డ్ అనే పేరుకు సర్వీస్. యూజర్ అనే పేరుకు యూజర్. అవి మార్చుకోవాలన్న ఆలోచన చాలామందికి రాలేదు. కోట్ల ఖరీదు చేసే యంత్రానికి తాళం చెవి గుమ్మం మీదే వేలాడేది. లోపలికి దూరాక వాడు వెతికే మాటలు ఎప్పుడూ అవే. న్యూక్లియర్, నోరాడ్, స్టెల్త్, ఎస్‌డీఐ. పిల్లచేష్టకు దూరినవాడు ఆటలు వెతుకుతాడు, జీతాల పట్టీ వెతుకుతాడు. వీడి ఆకలి వేరే.

మరీ ముఖ్యమైన కాగితం జోలికి పోతే స్టోల్ ఒక పని చేసేవాడు. జేబులో తాళం చెవుల గుత్తి తీసి, లైను తీగలు కలిసే చోట రెండింటికీ తగిలేట్టు ఆడించేవాడు. అవతలివాడి తెర మీద చెత్త అక్షరాలు వచ్చిపడేవి. ఫోను లైను బాగాలేదనుకుని వాడు విసుక్కుని మళ్ళీ ప్రయత్నించేవాడు. తలుపు మూశారన్న అనుమానం రాలేదు, కాగితమూ అందలేదు. ఎంత చక్కటి ఉపాయమో చూడు, ఖర్చు పైసా లేదు.

పోలీసులకు చెప్పలేదా అంటావు. చెప్పాడు. ఎఫ్‌బీఐకి ఫోను చేస్తే, ఎంత పోయిందని అడిగారు. డెబ్బై అయిదు సెంట్లు అన్నాడు. అటుపక్క మాట ఎలా ఉండి ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. సీఐఏ వాళ్ళు మాది కాదన్నారు, ఎన్‌ఎస్‌ఏ వాళ్ళు వింటాం కానీ చెయ్యలేం అన్నారు, వైమానిక దళం వాళ్ళు చెప్పండి చెప్పండి అన్నారు. అందరికీ కబురు కావాలి, ఎవరికీ పని అక్కర్లేదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయంటారు మనవాళ్ళు. ఇక్కడ దొంగ ఇంట్లో ఉండగానే పిలిచినా మొరగలేదు. లూయీ అల్వారెజ్ అని, 1968లో భౌతికశాస్త్రానికి నోబెల్ అందుకున్న పెద్దాయన, అదే లాబ్‌లో ఉండేవారు. స్టోల్ గోడు విని, దీన్ని పోలీసు పని అనుకోకు, పరిశోధన అనుకో, కొలువు, రాసుకో అని దారి చూపారు. అప్పట్నుంచి స్టోల్ రోజువారీ పుస్తకంలో ప్రతిదీ రాసుకున్నాడు. దొంగ వచ్చిన వేళ, పోయిన వేళ, ఎవరికి ఫోను చేశాడు, వాళ్ళేమన్నారు, అన్నీ.

వాడు ఎక్కణ్ణుంచి వస్తున్నాడో లైను పట్టుకుని వెనక్కి పోతే, టిమ్‌నెట్ అనే నెట్‌వర్కు మీదుగా వర్జీనియాలో ఒక రక్షణ కాంట్రాక్టరు కంపెనీ తేలింది. వాళ్ళ మోడెములు వాడుకుని, వాళ్ళ ఖర్చు మీద ఎవడో దూరపు కాల్సు చేసుకుంటున్నాడు. ఇంకా వెనక్కి పోతే సముద్రం దాటి జర్మనీ. బ్రెమెన్ అన్నారు, తరవాత హానోవర్ అన్నారు. అక్కడ ఆగిపోయింది. హానోవర్ ఫోను ఎక్స్‌ఛేంజీ పాతకాలంది, యంత్రపు స్విచ్చులు. ఏ ఇంటి ఫోను నుంచి వస్తోందో తెలియాలంటే ఒక మనిషి ఎక్స్‌ఛేంజీలోకి పోయి తీగ వెంట తీగ వెతుక్కోవాలి. బర్క్‌లీలో మధ్యాహ్నమైతే అక్కడ అర్ధరాత్రి. ఆ మనిషి వచ్చి చూసేదాకా, అంటే ఇంచుమించు గంటన్నర, రెండు గంటలు లైను కలిసి ఉండాలి.

ఆ ఎక్స్‌ఛేంజీల కష్టం నీకెలా తెలుస్తుంది! మేము ట్రంకాల్ బుక్ చేసి పొద్దంతా కాచుకున్న రోజులున్నాయి. మామూలు కాల్ ఒక రేటు, అర్జంటు అయితే రెండింతలు, లైట్నింగ్ అంటే ఎనిమిది రెట్లు. లైట్నింగ్ కాల్ వచ్చిందంటే ఇంట్లో ఆడవాళ్ళు ముందే ఏడుపు మొదలుపెట్టేవారు, ఎవరో పోయారనే లెక్క. ఎస్‌టీడీ వచ్చాక రాత్రి పొద్దుపోయాక రేటు పావుకి దిగుతుందని, బూత్‌ల ముందు జనం దుప్పట్లు కప్పుకుని వరుసలో నిలబడేవారు. పెళ్ళి సంబంధాలన్నీ రాత్రి పదకొండు తరవాతే కుదిరేవి. అవునమ్మా, దొంగ సంగతి మరిచిపోలేదు.

దొంగేమో అయిదు నిమిషాలుంటాడు, పది నిమిషాలుంటాడు, ఎవరైనా ఆపరేటరు మెషిన్లో ఉన్నట్టు కనబడితే తుర్రుమంటాడు. వాణ్ణి గంట కూచోబెట్టాలి. ఎలా? స్టోల్‌తో కలిసి ఉండే మార్తా మ్యాథ్యూస్ అనే అమ్మాయి, లా చదివేది, దారి చెప్పింది. వాడికి మిలిటరీ రహస్యాలు కావాలి కదా, మనమే తయారు చేసి పెడదాం, చదువుకుంటూ కూచుంటాడు అంది. ఇద్దరూ స్నానాల గదిలో ఉండగా వచ్చిన ఆలోచన కాబట్టి దానికి షవర్ పేరే పెట్టుకున్నారు. నవ్వకు.

అమ్మలూ, ఇక్కడ కాస్త శ్రద్ధగా విను, నాకు ఈ కథలో ప్రాణమంతా ఇక్కడే ఉంది. రీగన్ 1983లో ప్రకటించిన నక్షత్ర యుద్ధాల పథకం, ఎస్‌డీఐ, అప్పట్లో ప్రపంచమంతా మోగుతోంది. వీళ్ళు ఎస్‌డీఐనెట్ అని ఒక కొత్త ప్రాజెక్టు బర్క్‌లీ లాబ్‌కి వచ్చినట్టు కల్పించారు. కల్పించి, రాకెట్ బొమ్మలు, అణు సూత్రాలు రాశారనుకున్నావా? లేదు. లాబ్‌లో నిజంగా తిరిగే ఆఫీసు కాగితాలు తీసుకున్నారు. సర్క్యులర్లు, మెమోలు, నిధుల గురించిన విన్నపాలు, మీటింగు వాయిదాలు. వాటిలో లాబ్ మనుషుల హోదాలు తీసి మిలిటరీ హోదాలు పెట్టారు. బార్బరా షెర్విన్ అని ఒక సెక్రటరీని పుట్టించారు. ఆవిడ పేరు మీద ఒక ఖాతా, ఖాతా నిండా ఆవిడ టైపు చేసిన ఉత్తరాలు. ఎంతకీ తెమలని ఆఫీసు గొడవలు. చదివితే ఆవలింతలు వస్తాయి. ఆ ఆవలింతల్లోనే నమ్మకం ఉంది. నిజమైన ఆఫీసులో రహస్యాలు ఎర్ర అక్షరాలతో రాసి గుమ్మంలో పెట్టరు, క్యాంటీను బకాయిల కింద ఎక్కడో అణిగి ఉంటాయి. ఆ సంగతి దొంగకూ తెలుసు.

ఇంకో మెలిక పెట్టారు. ఫలానా ఫలానా పత్రాలు పెద్దవి కావడం వల్ల కంప్యూటరులో పంపలేము, కావలసినవారు పోస్టు ద్వారా రాసి తెప్పించుకోగలరు అని ఒక ఉత్తరం, దాంట్లో పత్రాల నంబర్లు, పేజీల లెక్క, లాబ్ చిరునామా. ఈ ఫైళ్ళు ఖాతాదారుకు, సిస్టమ్ యజమానికి తప్ప ఇంకెవరికీ కనబడకుండా తాళం వేశారు. అంటే ప్రపంచంలో ఆ ఉత్తరం చదవగలిగినవాళ్ళు ఎందరు? స్టోల్, అతని మనుషులు, ఆ దొంగ.

జనవరి 1987లో వాడు వచ్చాడు, బార్బరా ఖాతా చూశాడు, నిలబడిపోయాడు. ఆశకు అంతుండదంటారు కదా, ఒక్కో ఫైలూ తెరిచి గంటకు పైగా కూచున్నాడు. లేని ఆవిడ రాసిన లేని ఆఫీసు ఉత్తరాలు అర్ధరాత్రి వేళ ఒళ్ళంతా కళ్ళు చేసుకుని చదువుతున్నాడు. హానోవర్ ఎక్స్‌ఛేంజీలో మనిషి తీగ వెంట తీగ పట్టుకుంటూ పోయి ఆ ఫోను ఎవరిదో తేల్చాడు.

తరవాత ఏప్రిల్ నెలలో పోస్టులో ఒక కవరు వచ్చింది. పైన బార్బరా షెర్విన్ గారికి అని. పిట్స్‌బర్గ్ నుంచి ఎవరో రాశారు, ఫలానా నంబరు పత్రాలు పంపండి అని. స్టోల్ ఆ కవరు పట్టుకుని ఎలా వణికి ఉంటాడో నాకు ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు జలదరిస్తుంది. జర్మనీలో ఒక కుర్రాడు తెర మీద చూసిన నంబర్లు, మూడు నెలల్లో, అమెరికాలోనే ఉన్న ఇంకో మనిషి చేతికి చేరాయి. మధ్యలో ఎన్ని చేతులు మారి ఉండాలి? ఒక్క కుర్రాడి సరదా కాదిది, వెనక ఒక వ్యవస్థ ఉందని ఆ కవరు చెప్పింది. అంతకుముందు డెబ్బై అయిదు సెంట్లని తేలిగ్గా తీసేసిన ఎఫ్‌బీఐ వాళ్ళే ఇప్పుడు, ఆ కాగితాన్ని వేలితో ముట్టకండి, జాగ్రత్తగా కవరులో పెట్టి పంపండి అని హడావుడి పడ్డారు.

ఆ దొంగ పేరు మార్కస్ హెస్. జర్మన్ పోలీసులు జూన్ 1987లో వాడి ఇల్లు సోదా చేశారు కానీ అప్పటికి సరిపడా సాక్ష్యం లేదు. 1989 మార్చిలో అతన్నీ, జతగాళ్ళనీ పట్టుకున్నారు. దొంగిలించిందంతా తూర్పు బెర్లిన్‌లో సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి అమ్ముకున్నారని తేలింది. 1990 ఫిబ్రవరిలో సెల్లె అనే ఊరి కోర్టు హెస్‌కి ఇరవై నెలల శిక్ష వేసి, అమలు నిలిపివేసింది. ఆ ముఠాతో తిరిగిన కార్ల్ కోఖ్ అనే పిల్లవాడు మాత్రం 1989లో ఒక అడవిలో కాలిన శవమై దొరికాడు. ఇరవై మూడేళ్ళు. ఈ కథ చెప్పే ప్రతిసారీ నాకు అక్కడ నోరు పెగలదు. దొంగతనం తప్పే, కానీ ఆ వయసులో ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి ఉంటే బావుండేది.

కట్టె ఒకటి అందులో వెయ్యి. ఆఁ, ఇక తరవాతి సంగతులు తొందరగా చెప్పేస్తాను.

1991 జనవరిలో న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో బిల్ చెస్విక్ అనే ఆయన మెషిన్లోకి ఎవడో దూరబోయి పాస్‌వర్డుల ఫైలు అడిగాడు. ఆయన ఉత్తుత్తి పాస్‌వర్డుల ఫైలు పంపించాడు. ఇక వాడు కొట్టే కమాండ్లకు ఆయనే కూచుని చేత్తో జవాబులు టైపు చేసేవాడు, మెషిను నెమ్మదిగా ఉందని నటిస్తూ. ఒక రాత్రి వాడు డిస్కు మొత్తం చెరిపేసే కమాండు కొట్టాడు. అది ఉత్తిదే కాబట్టి ఏమీ కాలేదు, కానీ నవ్వుతూ పలకరించేవాడి చేతిలో ఏముందో బయటపడింది. అలా రాత్రంతా ఒక మనిషి కూచుని ఆడించడం కుదరదు కదా, ఒక గూడు కట్టి అందులో వాణ్ణి తిరగనిచ్చారు. ఆ దొంగ నెదర్లాండ్స్ నుంచి వచ్చాడు.

1999లో లాన్స్ స్పిట్జ్‌నర్, సైన్యంలో ట్యాంకు దళంలో పనిచేసిన మనిషి, శత్రువు గురించి కంప్యూటరు వాళ్ళకు ఇంత తక్కువ తెలియడమేమిటని ఆశ్చర్యపోయి, కొన్ని మెషిన్లు కలిపి ఒక ఉత్తుత్తి నెట్‌వర్కే కట్టాడు. స్నేహితులు చేరారు, హనీనెట్ ప్రాజెక్టు అయింది. ఒక్క సర్వరు కాదు, ఊరికి ఊరే ఉత్తిది. 2001లో వాళ్ళు రాసిన లెక్క చూస్తే, ఏ కట్టుదిట్టమూ చెయ్యని లైనక్స్ మెషిను నెట్‌కి తగిలిస్తే మూడు రోజుల లోపు దొంగల పాలవుతోంది. అన్నిటికంటే తొందరగా పోయింది పావుగంటలో. ఎవరూ దానికి ప్రచారం చెయ్యలేదు, ఎవరికీ చిరునామా చెప్పలేదు. ఇంతకుముందు చెప్పిన ఓపిక ఇప్పుడు మనిషికి అక్కర్లేదు, ప్రోగ్రాములే ఊరంతా తలుపులు తడుతూ తిరుగుతున్నాయి.

2000 జూన్‌లో ఆ హనీనెట్ వాళ్ళ ఉత్తుత్తి సొలారిస్ మెషిన్లో దూరిన ముఠా ఒకటి, అక్కణ్ణుంచే తమ కబుర్లు నడుపుకుంది. రెండు వారాల మాటలు రికార్డయ్యాయి. పాకిస్తాన్ కుర్రాళ్ళు. మన దేశపు వెబ్‌సైట్లను ఎలా కూల్చాలా అని వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు, కొంత ఇంగ్లీషు, కొంత ఉర్దూ. ఎవడికి ఏం వచ్చో, ఎవడు ఎవణ్ణి ఎగతాళి చేస్తున్నాడో, దొంగ క్రెడిట్ కార్డులు ఎలా చేతులు మారుతున్నాయో అన్నీ ఉన్నాయందులో. చదివితే భయం కంటే జాలే ఎక్కువ వేస్తుంది. సగం మందికి తాము వాడే ఆయుధం ఎలా పనిచేస్తుందో తెలియదు, ఎవరో రాసిచ్చింది నడపడమే. మన దేశం మీద దాడి చెయ్యబోయేవాళ్ళ నోటి మాట అమెరికాలో కొందరు స్వచ్ఛందంగా పెట్టిన మెషిన్లో దొరికింది. మనవాళ్ళు అప్పటికి ఇంటర్నెట్టు తెచ్చుకుని అయిదేళ్ళు. ఇలాంటివి మన ఊళ్ళల్లో పెట్టుకోవాలి కదా అని నాకు అప్పుడే అనిపించింది. అందుకే నువ్వు ఆ పనిలో చేరావంటే నాకింత సంతోషం.

2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాము వచ్చింది, నీకు తెలుసు. గుమ్మం ముందు పెట్టే కెమెరాలు, ఇళ్ళల్లో రౌటర్లు లక్షల కొద్దీ పట్టుకుపోయింది. వాటిలో ఎలా దూరింది? కంపెనీ వేసి పంపిన పాస్‌వర్డులు అరవై చిల్లర వరసగా కొట్టి చూసింది. అడ్మిన్ అనే పేరుకు అడ్మిన్. ముప్పై ఏళ్ళు గడిచినా తాళం చెవి ఇంకా గుమ్మం మీదే వేలాడుతోంది.

ఒక్క ముచ్చట చెప్పి ముగిస్తాను. 2019లో ట్రెండ్ మైక్రో అనే కంపెనీ పరిశోధకులు ఏకంగా ఒక ఫ్యాక్టరీని పుట్టించారు. చిన్న ఇంజనీరింగు కంపెనీ అన్నట్టు వెబ్‌సైటు, పనివాళ్ళ ఫొటోలు, ఫోను నంబర్లు. ఫొటోల్లో ముఖాలు కంప్యూటరు గీసినవి, ఆ మనుషులెవరూ పుట్టలేదు. యంత్రాలను నడిపే కంట్రోలర్లు మాత్రం నిజమైనవి పెట్టారు. మొదట ఎవరూ రాలేదు, తరవాత వరస కట్టారు. ఒకడు వాళ్ళ మెషిన్లో దూరి దొంగతనంగా క్రిప్టో నాణేలు తవ్వుకున్నాడు, ఇంకొకడు ఫైళ్ళన్నీ తాళం వేసి పదివేల డాలర్లు కట్టమన్నాడు. వీళ్ళు లేని ఫ్యాక్టరీ తరఫున దీనంగా ఉత్తరాలు రాస్తూ బేరం పెట్టారు. వాడు ఆరువేలకు దిగాడు. ఎంత అడుగుతాడు, ఎంతకు దిగుతాడు, ఎన్ని రోజులు ఆగుతాడు, ఎలా మాట్లాడతాడు, ఇవన్నీ రేపు నిజంగా ఫైళ్ళు పోగొట్టుకున్న వాళ్ళకు పనికొచ్చే సంగతులు. పైసా ఇవ్వకుండా రాబట్టారు.

ఇప్పుడు చెప్పు, మీ ఉత్తుత్తి సర్వరులో ఏం కాగితాలు పెట్టారు? టెస్ట్ వన్, టెస్ట్ టూ అని ఖాళీ ఫోల్డర్లా? అయ్యో తల్లీ, అలా అయితే వాడు గుమ్మంలోంచే వాసన చూసి పోతాడు. అటక మీద నా ట్రంకు పెట్టె ఉంది, నిండా పాత సర్క్యులర్లు. టూరు బిల్లుల వివాదం, ఎల్‌టీసీ క్లెయిములు, క్యాంటీను కూపన్ల మీద రెండేళ్ళు నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు, సైకిల్ షెడ్డు ఎవరు వేయించాలన్న దాని మీద పదకొండు మెమోలు. ఎవరికీ నష్టం లేనివి ఏరుకో, పేర్లూ తేదీలూ మార్చుకో, మీ మేనేజరుకు చూపించి పెట్టుకో. రేపు పొద్దున దింపుదాం, నిచ్చెన మాత్రం నువ్వు గట్టిగా పట్టుకోవాలి.